కప్పు దిగిన తారు

అమెరికాలో ఏటా కోటి టన్నులకు పైగా పాత ఇంటి కప్పులు నేల కూలుతున్నాయి. వాటిలోని తారుతో రోడ్లు వేయవచ్చునని ముప్పై ఏళ్ళకు పూర్వమే రుజువైనది. అయినా వాటిలో అధికభాగం ఈనాటికీ మట్టిపాలే అవుతున్నది. ఎందువల్ల?

టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ నగరానికి దక్షిణపు కొసన ఫ్లోరల్ ఫామ్స్ అనే చిన్న వాడ ఉన్నది. పేరుకు మహానగరంలోనిదే గాని, దాని తీరు పల్లెటూరిది. ఇళ్ళ చుట్టూ విశాలమైన దొడ్లు, చెట్లు, కొందరి శాలలలో గుర్రాలు. అక్కడ నివసించేవారిలో అధికులు నల్లజాతివారు, మెక్సికో తదితర దేశాల సంతతివారు. 2018 ఆరంభంలో ఈ ఇళ్ళను ఆనుకొని ఉన్న స్థలంలోకి లారీలు రావడం మొదలైనది. వాటి నిండా నల్లగా, దళసరి అట్టముక్కల్లా విరిగిన పెంకులు. లారీ వెనుక లారీ వచ్చి వాటిని కుమ్మరించి వెళ్ళేది. ఒక యంత్రం వాటిని కరకర నమిలి పొడి చేస్తుండేది.

ఆ సంవత్సరం ముగిసేసరికి అక్కడ ఒక కొండ లేచింది. ఆరంతస్తుల మేడ ఎత్తు. బరువు లక్ష టన్నులకు పైమాటే. గాలి వీచినప్పుడల్లా దాని మీది నల్లని ధూళి ఇళ్ళ మీద, మంచాల మీద, గుర్రాలు తాగే నీళ్ళ తొట్ల మీద పడేది. ఆ కొండకు పక్కనే ఇల్లున్న ఒకామె తనకు దగ్గు విడవడం లేదనీ, కిటికీలు తెరిచే యోగం పోయిందనీ పత్రికలవారికి చెప్పుకొన్నది. చుట్టుపక్కలవారు దానికి ‘షింగిల్ మౌంటెన్’ అని, అంటే పెంకుల కొండ అని పేరు పెట్టారు.

విచిత్రమేమంటే, ఆ స్థలం చెత్త పారవేయడానికి తెరిచినది కాదు. చెత్తను తగ్గించడానికి తెరిచినది. పాత ఇంటి కప్పులను పొడి చేసి, రోడ్లు వేసేవారికి అమ్ముతామని చెప్పి ఒక సంస్థ ఆ వ్యాపారం ఆరంభించింది. చెప్పిన మాటలో శాస్త్ర విరుద్ధమైనది ఏమీ లేదు. ఆ పని జరుగుతుంది. అనేక చోట్ల జరిగింది కూడా. మరి ఇక్కడ రోడ్డు కావలసినది కొండ ఎలా అయింది? ఇది తెలియాలంటే ముందుగా ఆ నల్లని పెంకు ఎటువంటిదో తెలియాలి.

పెంకు కాని పెంకు

మనకు పెంకు అంటే మట్టి. కుమ్మరి సారె మీదనుండి వచ్చిన గూనపెంకు గాని, మరలో అచ్చుపోసిన బంగాళాపెంకు గాని, రెండూ కాల్చిన మట్టే. అమెరికావారి ‘షింగిల్’ అటువంటిది కాదు. అది దళసరి అట్ట వంటి ఒక రేకు. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉంటుంది. చెక్క కప్పు మీద వరుస మీద వరుసగా, చేప పొలుసుల వలె ఒకదాని అంచును మరొకటి కప్పేటట్లు పరిచి మేకులు కొడతారు.

అడ్డంగా కోసి చూస్తే దానిలో పొరలు కనిపిస్తాయి. నడుమ గాజుపీచుతో నేసినట్లున్న పలుచని పట్టు. దానికి రెండు వైపులా, సున్నపురాతి పొడి కలిపిన తారు. పై ముఖాన రంగు రంగుల రాతి రవ్వ. ఈ రవ్వ అందానికి మాత్రమే అనుకుంటే పొరపాటు. తారుకు పరమశత్రువు సూర్యకాంతి. ఆ శత్రువును అడ్డుకునే డాలు ఈ రవ్వే. పెంకు బరువులో ఐదో వంతు నుండి మూడో వంతు వరకు తారు ఉంటుంది. నడుమ పొర గాజుపీచుదైతే తారు తక్కువ పడుతుంది. పూర్వకాలపు అట్ట పొరదైతే ఎక్కువ పీలుస్తుంది.

మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్ళో హెన్రీ రేనాల్డ్స్ అనే కప్పుల కాంట్రాక్టరు 1903లో తారు అట్ట చుట్టను ముక్కలుగా కోసి పెంకుల వలె పరచడం మొదలుపెట్టాడని చెబుతారు. అంతవరకు అక్కడి సామాన్యుల ఇళ్ళకు చెక్క పెంకులే గతి. ఎక్కడో పొయ్యి గొట్టం నుండి ఎగిరిన నిప్పురవ్వ ఆ పెంకుల మీద పడితే, వీధి వీధంతా పరశురామప్రీతి అయ్యేది. తారు పెంకు పైనున్న రాతి రవ్వ వల్ల ఆ భయం బాగా తగ్గింది. ధర చవక, పరచడం తేలిక. ఇంకేం కావాలి? ఈనాడు ఆ దేశంలో ఐదిళ్ళకు నాలుగిళ్ళ మీద ఇదే కప్పు. డాలస్ ఉత్తర శివార్లలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలలో కూడా చాలామంది నిద్రపోతున్నది ఈ తారు పెంకుల కిందనే. వడగళ్ళ వాన పడిన మరునాడు కప్పు పరీక్ష చేస్తామంటూ తలుపు తట్టే కాంట్రాక్టర్లనూ, బీమా కంపెనీతో నడిచే ఉత్తర ప్రత్యుత్తరాలనూ వారిని అడిగితే కథలు కథలుగా చెబుతారు.

ఎందుకంటే ఈ కప్పు ఆయుర్దాయం స్వల్పం. పదిహేను, ఇరవై, మహా అయితే ముప్పై ఏళ్ళు. ఎండకు తారులోని నూనె పదార్థాలు ఇంకిపోయి, పెంకు పెళుసెక్కుతుంది. రవ్వ రాలి వాన గొట్టాల్లోకి జారుతుంది. అంచులు లేస్తాయి. టెక్సాస్ వంటి చోట్ల నిమ్మకాయంత వడగళ్ళు ఒక్క సాయంత్రంలోనే వేలాది కప్పుల ఆయుస్సు తీర్చివేస్తాయి. అప్పుడు పనివాళ్ళు వస్తారు. పారల వంటి పనిముట్లతో పాత కప్పును పీకి, కింద నిలబెట్టిన పెద్ద ఇనుప తొట్టెలోకి తోసివేస్తారు. సాయంత్రానికి కొత్త కప్పు సిద్ధం.

ఆ తొట్టెలో పడినదెంత? అక్కడి మేస్త్రీలు కప్పును నూరు చదరపు అడుగుల లెక్కన కొలుస్తారు. ఆ కొలతకు పెంకుల బరువు ఒక క్వింటాలు పైచిలుకు. రెండువేల చదరపు అడుగుల కప్పు దిగితే రెండు టన్నులు. అందులో తారే సుమారు అర టన్ను. ఇలా దేశం మొత్తం మీద ఏటా కోటీ పది లక్షల టన్నుల తారు పెంకులు వ్యర్థమవుతున్నాయని అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ చాలాకాలంగా ఉదహరిస్తున్న అంచనా. ఇందులో పది లక్షల టన్నులు కర్మాగారాలలో మిగిలే కత్తిరింపులు. తక్కినదంతా ఇళ్ళ మీదినుండి దిగినదే.

మన ఊళ్ళలో పెంకుటిల్లు విప్పినప్పుడు జరిగేది వేరు. దూలాలు ఒకరు, ద్వారబంధాలు ఒకరు బేరమాడుకుంటారు. పెంకులను ఒక్కొక్కటే దించి, పగలనివాటిని వరుసగా పేర్చి, మరొక ఇంటికో, పశువుల కొట్టానికో తరలిస్తారు. పగిలిన పెంకునూ, ఇటుకనూ దంచి సుర్ఖీ చేసి సున్నంలో కలిపిన రోజులున్నాయి. కావేరి మీది కృష్ణరాజసాగరం ఆనకట్ట సున్నం, సుర్ఖీల అడుసుతోనే నిలిచి ఉన్నది. మట్టి పెంకుకు ఈ సదుపాయం ఉన్నది: అది ఒకే పదార్థం. తారు పెంకు నాలుగైదు పదార్థాల అతుకు. ఒకసారి ఊడదీస్తే మళ్ళీ కప్పు మీదికి ఎక్కదు. తారు, రాయి, సున్నం, గాజు ఒకదానికొకటి అతుక్కుపోయి, పైగా మేకులతో సహా చేతికి వస్తాయి.

రాయి పోగా మిగిలినది బంగారం

అయితే తారుకు మరొక ఇల్లు ఉన్నది: రోడ్డు.

తారు మానవుడికి కొత్తది కాదు. నాలుగున్నర వేల సంవత్సరాల నాటి మొహెంజొదారో మహాస్నానఘట్టంలో నీరు ఇంకకుండా ఇటుకల వెనుక పూసినది సహజమైన తారే. ఈనాడు మనం వాడుతున్నది ముడిచమురు నుండి పెట్రోలు, కిరోసిన్, డీజిల్ తీసివేయగా అడుగున మిగిలే చిక్కని మడ్డి. కనుక ముడిచమురు ధర పెరిగితే తారు ధరా పెరుగుతుంది. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించినప్పుడు, అమెరికా ఇంజనీర్లు మొదటిసారిగా పాత రోడ్డును తవ్వి, వేడిచేసి మళ్ళీ వేయడం గురించి గట్టిగా ఆలోచించారు. అది విజయవంతమైనది. పాత రోడ్డు కొత్త రోడ్డయినప్పుడు పాత కప్పు మాత్రం ఎందుకు కాకూడదు?

1990లో మినెసోటా రాష్ట్ర రవాణా శాఖవారు విల్లార్డ్ మంగర్ కాలిబాట మీద షింగిల్ పొడి కలిపిన మిశ్రమాన్ని ప్రయోగాత్మకంగా వేశారు. దరిమిలా ఒక్కొక్క రాష్ట్రమే దీనిని అనుమతించసాగింది. అయోవాలో కొందరు ఇంకొక ఉపాయం చూశారు: గులకరాళ్ళ బాట మీద షింగిల్ పొడి చల్లితే, ఎండకు తారు మెత్తబడి దుమ్ము లేవకుండా పట్టి ఉంచుతుంది. 2008లో చమురు ధర ఆకాశాన్ని అంటిన తరువాత ఇక కాంట్రాక్టర్లను ఎవరూ బతిమాలవలసిన పని లేకపోయింది. 2009లో ఆ దేశపు రోడ్ల మిశ్రమంలో కలిసిన షింగిల్ పొడి సుమారు 7 లక్షల టన్నులు కాగా, 2014 నాటికి అది దాదాపు 20 లక్షల టన్నులకు పెరిగింది.

పొడి చేయడం అనుకున్నంత తేలిక కాదు. వచ్చిన లారీలో పెంకులు మాత్రమే ఉండవు. చెక్క ముక్కలు, రేకుల అంచులు, ప్లాస్టిక్ సంచులు, పనివాళ్ళు తాగి పారవేసిన సీసాలు, అన్నీ ఉంటాయి. వాటిని మనుషులు చేతులతో ఏరివేయాలి. ఆపైన మేకులు. ఒక్కొక్క పెంకుకు నాలుగు మేకుల లెక్కన ఒక ఇంటి కప్పులో వేల మేకులు! అయస్కాంతాల కింద ఒకటికి రెండుసార్లు పొడిని నడిపించి వాటిని లాగివేస్తారు. ఒక్కటి మిగిలి రోడ్డులో తేలినా, ఏదో ఒక టైరుకు అది మూడిందన్నమాటే.

తరువాతది అసలు చిక్కు. మరలో నలిగేటప్పుడు పుట్టే వేడికి తారు కరిగి, పళ్ళ చక్రాలను పట్టుకుంటుంది. వేసవిలో మరీను. అందుకని నీళ్ళు చల్లుతూ నూరుతారు. నీళ్ళు చల్లితే పొడి తడుస్తుంది. తడిసిన పొడిని ఎండబెట్టడానికి మిశ్రమం తయారుచేసే ప్లాంటులో అదనంగా ఇంధనం కాల్చాలి. నూరిన పొడిని గుట్టపోసి నాలుగు రోజులు విడిచిపెడితే బెల్లపుగడ్డలా ముద్దకట్టుకుంటుంది. అలా కట్టకుండా ఇసుక కలుపుతారు. ఇన్ని తిప్పలు పడితే చివరకు చేతికి వచ్చేది అర అంగుళం కన్న సన్నని నల్లని పొడి.

ఈ పొడి విలువ చిన్న లెక్కతో తెలుస్తుంది. తారు రోడ్డులో నిజంగా తారు ఉండేది నూటికి ఐదు పాళ్ళే. తక్కిన తొంభై ఐదు కంకర, ఇసుక. నూరు టన్నుల మిశ్రమానికి ఐదు టన్నుల షింగిల్ పొడి కలిపామనుకోండి. ఆ పొడిలో నాలుగో వంతు తారు ఉంటే, టన్నుంబావు తారు వచ్చినట్లు. అంటే కావలసిన ఐదు టన్నులలో నాలుగో వంతు! కంకర ఎక్కడైనా దొరుకుతుంది, తారు దొరకదు. ఇదీ కాంట్రాక్టర్లకు నోరూరించిన లెక్క.

మొండి తారు

కాని కాగితం మీద కలిసిన తారు రోడ్డు మీద కలవలేదు.

రోడ్డు తారు, కప్పు తారు ఒక తల్లి పిల్లలే. పెంపకంలోనే తేడా. రోడ్డు మీది తారుకు కొంత మెతకదనం ఉండాలి. బరువైన లారీ వెళ్ళినప్పుడు కొద్దిగా ఒదిగి మళ్ళీ లేవాలి. చలికి ముడుచుకున్నప్పుడు పగలకుండా సాగాలి. కప్పు మీది తారుకు అది పనికిరాదు. ఏటవాలు కప్పు మీద ఎండకు మెత్తబడితే అది కిందికి కారుతుంది. అందుచేత కప్పు తారును తయారుచేసేటప్పుడు 200 డిగ్రీలు దాటిన వేడిలో కరిగించి, దానిలోకి గంటల తరబడి గాలి ఊదుతారు. ఆ గాలిలోని ప్రాణవాయువు ప్రభావంతో తారులోని అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకొని గట్టిపడతాయి. మన దేశంలో రోడ్లకు విరివిగా వాడే వి.జి.-30 రకం తారు 47 డిగ్రీల వద్దనే మెత్తబడవచ్చునని ప్రమాణాలు చెబుతున్నాయి. షింగిల్ తారు మెత్తబడాలంటే దాదాపు నూరు డిగ్రీలు కావాలి.

ఈ గట్టిదనాన్ని కొలిచే పద్ధతి సరళంగా ఉంటుంది. 25 డిగ్రీల వద్ద ఉంచిన తారు మీద నూరు గ్రాముల బరువుతో ఒక సూదిని ఐదు సెకండ్లపాటు నిలుపుతారు. ఎంత లోతుకు దిగితే అంత మెత్తనిదన్నమాట. రోడ్డు తారులో నాలుగున్నర మిల్లీమీటర్లో, అంతకన్న ఎక్కువో దిగే సూది, కప్పు తారులో దానిలో సగం కూడా దిగదు. అది కొత్త తారు సంగతి. ఇరవై ఏళ్ళు ఎండలో మాడి దిగిన తారు గురించి వేరే చెప్పాలా?

ఇటువంటి తారును కొత్త తారుతో కలిపి 150 డిగ్రీల వేడిలో తిప్పితే, అది పూర్తిగా కరిగి కలిసిపోతుందని మొదట భావించారు. నిజానికి కొంత మాత్రమే కలుస్తుంది. మిగిలినది తన చుట్టూ ఉన్న రాతిపొడిని వదలక, నల్లని రాయిలాగానే ఉండిపోతుంది. అంటే కాంట్రాక్టరు లెక్కలో టన్నుంబావు ఉన్నా, పని చేసేది అంతకంటె తక్కువ. ఆ మేరకు కొత్త తారు తగ్గించినందువల్ల రోడ్డు పొడిబారింది. కలిసిన భాగమైనా గట్టిది గనుక రోడ్డు బిరుసెక్కింది. వేడి ప్రదేశాలలో, లారీల రద్దీ ఉన్నచోట ఈ బిరుసుదనం కొంత మేలే చేస్తుంది. చక్రాల గాడులు త్వరగా పడవు. మంచు కురిసే రాష్ట్రాలలో మాత్రం రోడ్లు కాలం తీరకముందే పగుళ్ళిచ్చాయి. దానితో అధికారులు వెనుకంజ వేశారు. కొందరు పాళ్ళు తగ్గించారు, కొందరు షింగిల్ తారును లెక్కలో పూర్తిగా తీసుకోవద్దన్నారు, కొందరు అసలే వద్దన్నారు. చమురు ధర కూడా దిగివచ్చింది. 2014లో ఇరవై లక్షల టన్నులకు చేరిన వాడకం నాలుగైదేళ్ళలోనే సగానికి పడిపోయింది.

ఇది ఇంజనీర్ల ఓటమి అని నేను అనను. మెత్తని రకం తారును ఎంచుకోవడం, ఎండిన తారుకు జీవం పోసే నూనెలు కలపడం, పొడిని మరింత సన్నగా నూరడం వంటి మార్గాలు ఉన్నాయి. అవి ఫలితమిస్తున్నాయి కూడా. తొందరే కొంప ముంచింది. చవకగా వచ్చిన సరుకు చవకగానే పని చేయాలనుకున్నారు.

మరొక భయం ఆస్బెస్టాస్. 1970 దశకం వరకు కొన్ని రకాల కప్పు సామగ్రిలో దీనిని వాడారు. నూరినప్పుడు లేచే ధూళిలో ఆ పీచు ఉంటే, పీల్చినవారి ఊపిరితిత్తులకు దశాబ్దాల తరువాత కూడా ముప్పు తప్పదు. వేలకొలది నమూనాలు పరీక్షించగా అది కనిపించడం అరుదేనని తేలింది. అయినప్పటికీ పరీక్ష మానడానికి వీల్లేదు. ఆ ఒక్కటి ఎవరి ఇంటి కప్పో ముందుగా తెలియదు కదా! పరీక్షకు ఖర్చు, వేచి ఉండడానికి సమయం; రెండూ పొడి ధరలో చేరుతాయి.

డబ్బు ఎక్కడ వస్తుంది?

ఇప్పుడు డాలస్ కొండ దగ్గరికి తిరిగి వెళ్దాం.

ఏ వ్యాపారికైనా ముడిసరుకు కొనడం ఖర్చు, తయారైన సరుకు అమ్మడం రాబడి. ఈ వ్యాపారంలో అది తలకిందులు. పాత కప్పు దింపిన కాంట్రాక్టరు దానిని ఎక్కడో ఒకచోట పారవేయాలి. నగరపు చెత్త పూడ్చే స్థలానికి తీసుకువెళితే టన్నుకు ఇంత అని రుసుము కట్టాలి. అంతకంటె తక్కువ రుసుముకు మేము తీసుకుంటామని మరొకరంటే లారీ అటు తిరుగుతుంది. అంటే లారీ గేటు దాటగానే స్థలం యజమానికి డబ్బు ముట్టుతుంది. ఆ తరువాత పెంకులను ఏరడం, పరీక్షించడం, నూరడం, కొనేవారిని వెదకడం, ఇవన్నీ ఖర్చులే. కొనేవారు ఉన్నంతకాలం ఇది బాగానే నడుస్తుంది. రోడ్డు శాఖలు పాళ్ళు తగ్గించిన రోజున పొడి కదలదు. గేటు దగ్గర మాత్రం లారీలు ఆగవు. ఆపితే ఆ పూట రాబడి పోతుంది. ఇటువంటి స్థలం నిజంగా పునర్వినియోగ కేంద్రమో, మారుపేరుతో నడిచే చెత్తకుప్పో చూడాలంటే లోపలికి వచ్చే లారీలను కాదు, బయటికి వెళ్ళే లారీలను లెక్కపెట్టాలి.

ఫ్లోరల్ ఫామ్స్‌లో ఆ లెక్క ఎవరూ పెట్టలేదు. ఇళ్ళ పక్కన పరిశ్రమకు వీలు కల్పించిన నగరపాలక సంస్థ పటాలు దశాబ్దాల నాటివి. నివాసులు ఫిర్యాదు మీద ఫిర్యాదు చేశారు. ఈ శాఖవారు ఆ శాఖను అడగమన్నారు. 2018 డిసెంబరులో స్థానిక దినపత్రికలో కథనం వెలువడిన తరువాతనే నగరపాలక సంస్థ న్యాయస్థానానికి వెళ్ళింది. కొండను తొలగించమని న్యాయమూర్తి ఆదేశించారు. సంస్థ దగ్గర డబ్బు లేదన్నది. 2019లో పని ఆగిపోయింది. కొండ మాత్రం ఆగిన చోటనే నిలిచింది. ధూళి ఎగురుతూనే ఉన్నది. ఊరి ఉత్తర భాగంలో సంపన్నుల ఇళ్ళ నడుమ ఇటువంటి కొండ మూడు నెలలు నిలుస్తుందా అని అక్కడివారు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు అడిగినవారికీ తెలుసు, విన్నవారికీ తెలుసు.

మన వాకిట్లో

మన దేశంలో తారు పెంకుల వాడకం చాలా తక్కువ. కాని ఈ కథ మనకు బొత్తిగా సంబంధం లేనిదని అనుకోవడానికి వీల్లేదు. మనం ఏటా 80 లక్షల టన్నులకు పైగా తారు వాడుతున్నాము. అందులో గణనీయమైన భాగం విదేశాల నుండి కొంటున్నదే. కనుక వ్యర్థ పదార్థాలతో ఎంత తారు ఆదా అయితే అంత మంచిది. మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించిన రాజగోపాలన్ వాసుదేవన్ ప్లాస్టిక్ వ్యర్థాలతో ఆ దారి చూపారు. వేడి చేసిన కంకర మీద ప్లాస్టిక్ తురుము చల్లితే, అది కరిగి రాతికి పలుచని పూతలా పట్టుకుంటుంది. దాని మీద తారు మరింత గట్టిగా అంటుతుంది. 2002లో చెన్నైలోని జంబులింగం వీధికి ఈ పద్ధతిలో రోడ్డు వేశారు. 2018లో ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లో ఈ పద్ధతికి మార్గదర్శకాలు ప్రచురించింది. తారు బరువులో 6 నుండి 8 శాతం వరకు ప్లాస్టిక్ వాడవచ్చునని అందులో ఉన్నది. ప్లాస్టిక్ శుభ్రంగా, పొడిగా ఉండాలి, పి.వి.సి. రకం అసలే కలవరాదు, ఎందుకంటే వేడికి దానినుండి విషవాయువు వెలువడుతుంది. ఈ షరతులు చదివితే అయస్కాంతాలూ, ఆస్బెస్టాస్ పరీక్షలూ గుర్తుకు వస్తాయి. అక్కడైనా ఇక్కడైనా మేకులు ఏరే చెయ్యి లేనిదే చెత్త సరుకు కాదు. మన దగ్గర ఆ చెయ్యి తరచు చిత్తుకాగితాలు ఏరుకునేవారిది. వారి కూలి ఏ ఇంజనీరు లెక్కలోనూ సరిగా కనిపించదు.

హైదరాబాదులో జీడిమెట్ల వద్దా, ఫతుల్లాగూడ వద్దా కూల్చిన కట్టడాల శిథిలాలను ఇసుకగా, కంకరగా, నడకదారి పలకలుగా మార్చే కేంద్రాలు 2020 తరువాత వెలిశాయి. అవి ఏం చేస్తున్నాయో చూడడానికి వెళ్ళేవారు మరల చప్పుడుకు ముగ్ధులు కాకుండా, తయారైన పలకలను ఎవరు కొంటున్నారని అడగడం మంచిది. ఆస్బెస్టాస్ విషయంలో మనం అమెరికావారికంటె ఎక్కువ జాగ్రత్తపడవలసి ఉన్నది. వారు దాదాపు మానుకున్న ఆ పీచును సిమెంటులో కలిపి చేసిన రేకులు మన ఇళ్ళ మీద, కోళ్ళ షెడ్ల మీద కోట్ల సంఖ్యలో ఉన్నాయి. పాత రేకును సుత్తితో పగలగొట్టి గుంతలో పూడ్చడం మనం రోజూ చూసేదే.

మళ్ళీ కప్పు మీదికి

కప్పును రోడ్డుగా మార్చే కంటె కప్పునే కప్పుగా మార్చడం మేలని ఇప్పుడు కొందరు భావిస్తున్నారు. ఒకప్పుడు గట్టిదనం దోషమైన ఆ తారుకు కప్పు మీద గట్టిదనమే గుణం. రాతిరవ్వను, గాజుపీచును జల్లించి వేరుచేసి, మిగిలిన తారు పొడిని కొత్త షింగిళ్ళలో పాలు పాలుగా కలపవచ్చునని 2020 తరువాత కొన్ని ఉత్పత్తిదారు సంస్థలు చేసి చూపాయి. 2030 నాటికి ఏటా ఇరవై లక్షల టన్నుల పాత షింగిళ్ళను పునర్వినియోగంలోకి తెస్తామని ఒక పెద్ద కంపెనీ లక్ష్యం ప్రకటించింది. కెనడాలో పాత షింగిళ్ళ నుండి తారునూ, పీచునూ, రాతిరవ్వనూ విడివిడిగా రాబట్టే ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఇవన్నీ ఆరంభదశలోనివి. వీటిలో నాకు నచ్చిన అంశమొకటి ఉన్నది: కొనేవాడి కోసం వెదకనక్కరలేదు. పెంకు తయారుచేసినవాడే దానిని తిరిగి తీసుకొనేవాడు. తన సరుకు ఇరవై ఏళ్ళ తరువాత తన గుమ్మానికే వస్తుందని తెలిస్తే, మొదటే దానిని విడదీయడానికి వీలుగా తయారుచేస్తాడేమో చూడాలి.

డాలస్ కొండను చివరకు నగరపాలక సంస్థే తొలగించింది. 2020 డిసెంబరులో పని మొదలై, 2021 తొలి మాసాలలో ముగిసింది. లారీలు మళ్ళీ వరుస కట్టాయి, ఈసారి బయటికి. అవి ఆ పెంకుల పొడిని ఏ రోడ్డు పనికీ తీసుకువెళ్ళలేదు. కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న మెకామస్ బ్లఫ్ అనే నగరపు చెత్త పూడ్చే స్థలానికి చేర్చాయి. మొదటిరోజే కాంట్రాక్టర్లు రుసుము కట్టి అక్కడ దించి ఉంటే, ఫ్లోరల్ ఫామ్స్‌లో ఒక్క కిటికీ కూడా మూసుకునేది కాదు.

కొండ పోయిన చోట పార్కు కావాలని ఆ వాడవారు తామే పటం గీయించుకున్నారు. చెట్లు ఎక్కడ, పిల్లల ఆటస్థలం ఎక్కడ అని అందులో గుర్తులు పెట్టారు.